పీడీఎఫ్ సరే అంది, బోర్డు కాదంది: ఎఫ్‌పీజీఏ పిన్‌లను స్క్రిప్ట్‌తో సరిచూసిన ఒక కేస్

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను, ఏ పిన్ ఏ పని చేయాలో కూడా, మనమే కోడ్‌తో నిర్ణయించుకోగలిగే చిప్. ఎఫ్‌పీజీఏ బోర్డుల్లో పిన్ తప్పులు రెండు రకాలు. మొదటి రకం పవర్ ఇవ్వగానే బయటపడుతుంది. క్లాక్ రాదు, మెమరీ కాలిబ్రేషన్ దగ్గరే ఆగిపోతుంది, ఎల్‌ఈడీ వెలగదు. వీటితో పెద్ద టెన్షన్ ఉండదు, స్కోప్ ముందు కూర్చుంటే సాయంత్రానికి దొరికిపోతాయి. రెండో రకంలో బోర్డు చక్కగా పని చేస్తున్నట్టే ఉంటుంది, టెస్ట్‌లన్నీ పాస్ అవుతాయి, కస్టమర్ దగ్గరికి కూడా వెళ్లిపోతుంది, అక్కడ ఎవరో ఒకరు "ఈ రీడింగ్ ఎందుకో నమ్మబుద్ధి కావట్లేదు" అనేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

ఈ కేస్ రెండో రకానిది. తప్పు ఎలా దొరికిందో చెప్పడం కంటే, అంతకుముందు బుద్ధిగా, ఓపిగ్గా చేసిన చెకింగ్ అంతా దాన్ని ఎందుకు పట్టుకోలేకపోయిందో చెప్పాలని రాస్తున్నాను. కంపెనీ వాళ్ల అనుమతి ఉంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

నేపథ్యం

బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. మోటార్లు, పంపుల వంటి తిరిగే యంత్రాల వైబ్రేషన్ కొలిచే పెట్టె తయారు చేస్తారు. సెన్సర్ల నుంచి వచ్చే 8 ఛానెళ్ల సిగ్నల్‌ను ఒక ఏడీసీ డిజిటల్‌గా మారుస్తుంది, అది ఛానెల్‌కి ఒక ఎల్‌వీడీఎస్ జత (ఒకే సిగ్నల్‌ను ఎదురెదురుగా మోసే పీ, ఎన్ అనే రెండు వైర్లు) చొప్పున సీరియల్‌గా ఎఫ్‌పీజీఏకి పంపుతుంది, వెంట ఒక్కో బిట్ ఎప్పుడో చెప్పే బిట్ క్లాక్, ఒక్కో రీడింగ్ ఎక్కడ మొదలో చెప్పే ఫ్రేమ్ క్లాక్. ఎఫ్‌పీజీఏ ఆర్టిక్స్-7 కుటుంబంలోని 100టీ, 484 బాల్స్ (చిప్ అడుగున పిన్‌లుగా ఉండే సోల్డర్ గుండ్లు) ఉన్న ప్యాకేజీ. అందులో మనం వాడుకోగలిగే పిన్‌లు 285. పక్కన డీడీఆర్3 మెమరీ, ఈథర్నెట్, యూఎస్‌బీ సీరియల్ చిప్, సెట్టింగ్స్ దాచుకునే చిన్న ఈఈప్రామ్.

స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, కంపెనీలోనే గీస్తారు. లేఅవుట్, అంటే బోర్డు మీద రాగి దారులు వేసే పని, చెన్నైలో ఉండే ఒక ఫ్రీలాన్సర్ చేస్తారు, పని బాగా తెలిసిన మనిషి. అసెంబ్లీ బెంగళూరులోని పీణ్యాలో. ఎఫ్‌పీజీఏ కోడ్ రాసేది ఇద్దరు, అందులో ఒకమ్మాయి చేరి ఎక్కువ కాలం కాలేదు. నేను బయటి నుంచి వెళ్లిన కన్సల్టెంట్‌ని. హార్డ్‌వేర్ లీడ్‌ది అనంతపురం వైపు, కాబట్టి మీటింగ్ సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో, మధ్యలో కాస్త కన్నడంలో నడిచేది.

మొదటి బోర్డు, రెవ్ ఏ, బాగా పని చేసింది. తర్వాత కనెక్టర్ మార్చి, పవర్ సెక్షన్‌లో ఒక రెగ్యులేటర్ తీసేసి, రెవ్ బీ చేశారు. "ఎఫ్‌పీజీఏ వైపు ఏమీ మారలేదు" అని అందరూ అనుకున్నారు. స్కీమాటిక్‌లో ఏడీసీ నుంచి ఎఫ్‌పీజీఏకి వెళ్లే పేజీలను నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. అందుకని పాత పిన్ ఫైల్‌తోనే (కోడ్‌లోని ఏ సిగ్నల్ ఏ పిన్ మీదికి వెళ్లాలో చెప్పేది) కొత్త బోర్డు నడిపారు.

ఏం కనబడింది

ఫీల్డ్‌లో ఒక టెక్నీషియన్ రెండు షాఫ్ట్‌లు కలిసే కప్లింగ్‌కి అటూ ఇటూ సెన్సర్లు పెట్టి చూశారు. కప్లింగ్‌కి రెండు వైపులా అక్షం దిశలో ఫేజ్ తేడా 180 డిగ్రీల దగ్గర ఉంటే షాఫ్ట్‌లు వరసలో లేవేమోనని అనుమానించడం ఆ రంగంలో మామూలు. పెట్టె సరిగ్గా అదే చూపించింది. లేజర్ పెట్టి చూస్తే అలైన్‌మెంట్ బాగానే ఉంది. ఆ టెక్నీషియన్ అనుభవం ఉన్నవాడు కాబట్టి యంత్రాన్ని విప్పలేదు, పెట్టెను అనుమానించాడు. ఆయన అంత నిలకడగా లేకపోతే బాగున్న యంత్రాన్ని ఆపి విప్పేవాళ్లు. పిన్ తప్పు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికే ఇంత రాశాను.

ఆఫీసులో చూస్తే 6వ ఛానెల్ గుర్తు తిరగబడి వస్తోంది. ఆ గందరగోళంలోనే 3, 4 ఛానెళ్లు ఒకదాని చోట ఒకటి వస్తున్నాయని కూడా తేలింది.

మరి ప్రొడక్షన్ టెస్ట్‌లో ఎలా పాస్ అయింది? అక్కడ ఒకే సైన్ వేవ్‌ను 8 ఛానెళ్లకూ కలిపి ఇచ్చి, ఒక్కోదాని స్పెక్ట్రమ్‌లో నాయిస్ ఎంతుందో చూస్తారు. అన్నిటికీ ఒకే సిగ్నల్ ఇచ్చినప్పుడు రెండు ఛానెళ్లు తారుమారైతే ఏం తెలుస్తుంది? ఇక పీ, ఎన్ వైర్లు తిరగబడితే ప్రతి బిట్టూ తలకిందులవుతుంది. టూస్ కాంప్లిమెంట్‌లో (నెగటివ్ సంఖ్యలను బిట్లలో రాసే పద్ధతి) బిట్లన్నీ తిప్పితే ఎక్స్ కాస్తా మైనస్ ఎక్స్ మైనస్ 1 అవుతుంది. అంటే అదే సైన్ వేవ్, గుర్తు మారింది, ఒక్క ఎల్‌ఎస్‌బీ, అంటే అన్నిటికంటే చిన్న మెట్టు, జరిగింది. స్పెక్ట్రమ్‌లో ఎత్తులు మాత్రమే చూసేవాడికి ఆ తేడా ఎప్పటికీ కనబడదు. టెస్ట్ చెడ్డదేం కాదు, నాయిస్ కోసం పెట్టిన టెస్ట్ నాయిస్ చూసింది, అంతే.

నేను వెళ్లేలోపు ఏమేం చేశారు

ముందు సెన్సర్ కేబుళ్లు మార్చారు. తర్వాత టైమింగ్ మీద పడ్డారు. ఇన్‌పుట్ డిలే బ్లాక్‌లో 200 మెగాహెర్ట్జ్ రెఫరెన్స్‌తో ఒక్కో ట్యాప్ (ఆలస్యం మెట్టు) సుమారు 78 పికోసెకన్లు, అలాంటివి 32 ఉంటాయి. అన్ని ట్యాప్‌లూ తిప్పి చూస్తే ప్రతి లేన్‌లోనూ కన్ను (బిట్‌ను తప్పు లేకుండా చదవగలిగే వ్యవధి) విశాలంగా తెరుచుకునే ఉంది. అయితే ఆ కాలిబ్రేషన్‌కి వాడిన ప్యాటర్న్ 1, 0, 1, 0 అని మారుతూ పోయేది. దాన్ని తలకిందులు చేసినా 0, 1, 0, 1 అని మారుతూనే పోతుంది. కాబట్టి ఇక్కడా ఏమీ బయటపడలేదు. అసెంబ్లీ వాళ్ల దగ్గర బీజీఏ (అడుగున బాల్స్ ఉన్న ప్యాకేజీ) ఎక్స్‌రే తీయించారు, సోల్డరింగ్ శుభ్రంగా ఉంది.

ఈలోగా కస్టమర్ ఒత్తిడి. సాఫ్ట్‌వేర్ టీమ్ 6వ ఛానెల్‌ను మైనస్ ఒకటితో గుణించి, 3, 4 మార్చేసి, కొత్త వెర్షన్ పంపేశారు. రెవ్ బీ పెట్టెలు కుదురుకున్నాయి. అదే వెర్షన్ పాత రెవ్ ఏ పెట్టెల్లోకి అప్‌డేట్‌గా వెళ్లగానే అప్పటిదాకా సరిగ్గా ఉన్నవి చెడిపోయాయి. హార్డ్‌వేర్‌లో ఉన్న తేడాను దానికి దూరంగా ఉన్న పొరలో సర్దితే ఇలాగే అవుతుంది, ఎందుకంటే ఆ పొరకి తన కింద ఏ బోర్డు ఉందో తెలియదు.

అప్పుడు పిన్‌లన్నీ చేత్తో చెక్ చేయాలని నిర్ణయించారు. ఒకరు స్కీమాటిక్ పీడీఎఫ్ చూసి చదువుతారు, ఇంకొకరు పిన్ ఫైల్‌లో టిక్ పెడతారు. చాలా శ్రద్ధగా చేశారు, ఆ టిక్ పెట్టిన కాగితాలు నేను చూశాను. ఒక్క తేడా కూడా రాలేదు.

చివరికి ఆ కొత్తగా చేరిన అమ్మాయి పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాసింది. ఆలోచన మంచిదే. పిన్ ఫైల్‌లోని పోర్ట్ పేరును, లేఅవుట్ నుంచి వచ్చిన నెట్‌లిస్ట్‌లో (ఏ పిన్ ఏ నెట్‌కి, అంటే ఏ తీగకి, తగులుతుందో చెప్పే లిస్ట్) అదే బాల్‌కి ఉన్న నెట్ పేరును, పైథాన్‌తో వచ్చే డిఫ్‌లిబ్ మాడ్యూల్‌తో పోల్చి, పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో మార్కులు వేసింది. వందకు పైగా "తేడాలు" వచ్చాయి. అందులో పైపైన చూసినవన్నీ ఉత్తుత్తివే కావడంతో రిపోర్ట్‌ను పక్కన పెట్టేశారు.

ఆ రిపోర్ట్‌ను నేను తీరిగ్గా చదివాను, దాని దగ్గర కాసేపు ఆగాలి. ఎఫ్‌పీజీఏ కోడ్‌లో ఏడీసీ లేన్‌లు 0 నుంచి 7 వరకు. స్కీమాటిక్‌లో ఛానెళ్లు 1 నుంచి 8 వరకు. అంటే కోడ్‌లోని 3వ నంబర్ లేన్ నిజానికి 4వ ఛానెల్. పేర్ల పోలిక చూసే స్క్రిప్ట్‌కి అది తెలియదు కదా, 3కి 3 ఉంటే భేష్ అంటుంది. రెవ్ బీలో 3, 4 ఛానెళ్లు తారుమారయ్యాయి కాబట్టి కోడ్‌లోని 3వ లేన్ బాల్ మీద స్కీమాటిక్‌లోని డీ3 నెట్ వచ్చి కూర్చుంది. దాంతో 8 లేన్లలో ఒక్క లేన్‌కే, అదీ తప్పుగా ఉన్నదానికి, పూర్తి మార్కులు పడ్డాయి, సరిగ్గా ఉన్నవాటి పక్కన "తేడా" అని పడింది. పేర్లు ఊహించే స్క్రిప్ట్ ఎందుకు వద్దో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ఇదే చూపిస్తాను.

నా మొదటి ప్రశ్న

వెళ్లగానే స్కీమాటిక్ అడగలేదు. "ఈ బోర్డు ఏ ఫైళ్లతో తయారైంది?" అని అడిగాను.

లీడ్ పీడీఎఫ్ తెరిచారు. "ఇదే కదా సార్."

"ఇది మీరు గీసింది. ఫ్యాబ్‌కి వెళ్లిన జిప్ ఎక్కడుంది?"

ఫ్యాబ్ అంటే ఖాళీ బోర్డు తయారు చేసేవాళ్లు. ఆ జిప్ పర్చేజ్ చూసేవాళ్ల మెయిల్‌లో ఉంది. జిప్‌తో పాటు చెన్నై నుంచి వచ్చిన మెయిల్‌లో ఒక లైను కూడా ఉంది: రూటింగ్ కోసం ఒకే బ్యాంక్ (ఒకే పవర్ పంచుకునే పిన్‌ల గుంపు) లోపల కొన్ని జతలు మార్చాను, స్వాప్ రిపోర్ట్ జత చేశాను అని. ఆయన చేసింది న్యాయమైన పనే. కనెక్టర్ జరిగింది, జతలు ఒకదాని మీద ఒకటి దాటాల్సి వచ్చింది, ఎఫ్‌పీజీఏ పిన్‌లు మార్చుకోవచ్చు కాబట్టి మార్చి వయాలు (లేయర్లను కలిపే రంధ్రాలు) తగ్గించారు. చెప్పారు కూడా. కాకపోతే ఆ మెయిల్ ధరలు చూసే మనిషికి వెళ్లింది, కోడ్ రాసేవాళ్లకి వెళ్లలేదు. సర్వర్‌లో ఉన్న పీడీఎఫ్ ఆ మార్పుకి ముందు తీసింది. అంటే ఇద్దరు మనుషులు కూర్చుని పాత స్కీమాటిక్‌తో పాత పిన్ ఫైల్‌ను పోల్చారు. కలవక ఏమవుతుంది?

జిప్‌లో గెర్బర్లతో (బోర్డు లేయర్ల బొమ్మల ఫైళ్లు) పాటు ఐపీసీ-డి-356 ఫైల్ ఉంది. ఫ్యాబ్ వాళ్లు ఖాళీ బోర్డును ప్రోబ్‌లతో టెస్ట్ చేయడానికి వాడేది. ఏ పార్ట్ ఏ పిన్ ఏ నెట్‌లో ఉందో అందులో ఒక్కో లైనుగా ఉంటుంది. రాగి మీద ఏ పిన్ దేనితో కలిసిందో ఆ జిప్‌లో పేర్లతో చెప్పే ఫైల్ అదే. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ఏడీసీ నెట్‌లు వెతికితే రెండు తప్పులూ అక్కడే కనబడ్డాయి.

నిజం చెప్పాలంటే కస్టమర్ ఫిర్యాదు అక్కడితో తీరిపోయింది. లీడ్ కూడా "ఇంకేం సార్, పిన్ ఫైల్ మార్చేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ రెండూ ఫేజ్ వల్ల బయటపడ్డాయి. బయటపడే దారి లేనివి ఇంకెన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు, పైగా రెవ్ సీ పని అప్పటికే మొదలైంది.

స్క్రిప్ట్ ఎలా కట్టాం

మూడు వైపుల నుంచి మూడు ఫైళ్లు తీసుకున్నాం, ఒక్కోదాని వెనుక ఒక నిర్ణయం ఉంది.

డిజైన్ వైపు: పిన్ ఫైల్‌ను, అంటే ఎక్స్‌డీసీని, నేరుగా చదవలేదు. అది చూడ్డానికి మామూలు టెక్స్ట్‌లా ఉన్నా టీసీఎల్ భాష. ఒకే పనిని రెండు మూడు రకాలుగా రాయొచ్చు, ఫైళ్లు చాలా ఉంటాయి, వెనక వచ్చిన లైను ముందుదాన్ని కొట్టేస్తుంది. మెమరీ కంట్రోలర్ లాంటి ఐపీలు (రెడీమేడ్ బ్లాకులు) తమ పిన్ ఫైళ్లు తామే తెచ్చుకుంటాయి. వీళ్ల ప్రాజెక్ట్‌లో డీబగ్ కోసం పెట్టిన ఒక ఫైల్ రెండు పిన్‌లను మార్చేస్తోందని తర్వాత చూశాం. అందుకని ఇంప్లిమెంటేషన్ అయిపోయాక, కోడ్‌ను చిప్‌కి మలిచే టూల్ అయిన వివాడోనే అడిగాం, ఏ పోర్ట్ ఏ బాల్ మీద కూర్చుంది, దిశ ఏది, ఐఓ స్టాండర్డ్ (పిన్ ఏ వోల్టేజ్ పద్ధతిలో పని చేస్తుందో) ఏది అని. అది సీఎస్‌వీగా రాసిస్తుంది. టూల్ చివరికి ఏం నమ్మిందో అదే మనకి కావాలి, మనం ఏం రాశామని అనుకుంటున్నామో కాదు.

బోర్డు వైపు: స్కీమాటిక్ నెట్‌లిస్ట్, దానితో పాటు ఆ 356 ఫైల్. రెండూ ఎందుకంటే 356లో నెట్ పేరుకి 14 అక్షరాలే చోటు, పొడుగు పేర్లు తెగిపోతాయి లేదా మారుపేర్లతో వస్తాయి. పేర్లు స్కీమాటిక్‌లో బాగుంటాయి, నిజం 356లో ఉంటుంది. కాబట్టి ఈ రెంటినీ పోల్చేటప్పుడు పేర్లను పూర్తిగా వదిలేసి, ఏ పిన్ ఏ పిన్‌తో కలిసి ఉంది అన్న గుంపులను మాత్రమే పోల్చాం. గుంపులన్నీ కలిస్తేనే స్కీమాటిక్ పేర్లను నమ్మాలి. కలవకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది, మిగతా చెక్‌లు చేయదు. ఈ ఒక్క నియమం ముందే ఉండి ఉంటే పాత పీడీఎఫ్ సంగతి మొదటి రోజే తేలేది.

చిప్ వైపు: తయారీదారు ఇచ్చే ప్యాకేజీ ఫైల్. ఏ బాల్ ఏ బ్యాంక్, ఏ జతలో పీ ఏది ఎన్ ఏది, ఏది క్లాక్ తీసుకోగలదు, ఏ బాల్ ఏ బ్యాంక్‌కి పవర్ ఇస్తుంది అన్నీ అందులో ఉంటాయి. స్కీమాటిక్ సింబల్‌ను కూడా దీనితో పోల్చాం, ఎందుకంటే అంత పెద్ద సింబల్‌ను ఎప్పుడో ఎవరో చేత్తో చేసి ఉంటారు. బీజీఏ వరసల పేర్లలో ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ అక్షరాలు వాడరు, కాబట్టి లేని బాల్ పేరు ఎక్కడైనా పడితే వెంటనే తెలిసిపోతుంది.

ఇక ఈ మూడింటి మధ్య ఒక పట్టిక, మనుషులు చేత్తో రాసేది. ఏ పోర్ట్ ఏ నెట్ కావాలి అని. బస్‌లకి ఒక లైను చాలు, కానీ "కోడ్ నంబర్‌కి 1 కలిపితే ఛానెల్ నంబర్" లాంటిది అందులో స్పష్టంగా రాసి ఉండాలి. ఈ పట్టిక రాయడానికే అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టింది. రాస్తుంటేనే వాదనలు వచ్చాయి, ఈ సిగ్నల్ పేరులో టీఎక్స్ (పంపేది) అంటే ఎవరి టీఎక్స్ అని.

ఆ టీఎక్స్ గొడవకి పేర్లతో పరిష్కారం లేదు. ఒకాయన ఎఫ్‌పీజీఏ వైపు నుంచి పేరు పెడతాడు, ఇంకొకాయన అవతలి చిప్ వైపు నుంచి పెడతాడు, ఇద్దరూ ఒప్పే. అందుకని స్క్రిప్ట్ నెట్ వెంట నడిచి అవతలి చిప్ పిన్ దాకా వెళ్తుంది. ఎఫ్‌టీ232ఆర్ లాంటి యూఎస్‌బీ సీరియల్ చిప్‌లో టీఎక్స్‌డీ అనేది ఆ చిప్ నుంచి బయటికి వచ్చే పిన్. అది ఎఫ్‌పీజీఏలో ఇన్‌పుట్ పోర్ట్‌కే తగలాలి. అవుట్‌పుట్‌కి అవుట్‌పుట్ తగిలితే తప్పు, పేరు ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

నెట్ వెంట నడవడం మాట అన్నంత తేలిక కాదు. దారిలో సిరీస్ రెసిస్టర్ ఉంటే నెట్ అక్కడ తెగి, అవతల కొత్త పేరుతో మొదలవుతుంది. రెసిస్టర్ దాటి వెళ్లాలి. 8 కాళ్ల రెసిస్టర్ ప్యాక్ అయితే 1 నుంచి 8కి, 2 నుంచి 7కి, 3 నుంచి 6కి, 4 నుంచి 5కి దాటాలి. అలాగని ప్రతి రెసిస్టర్‌నూ దాటితే మునిగిపోతాం. పుల్-అప్‌ను (పిన్‌ను పవర్ వైపు లాగి ఉంచే రెసిస్టర్) దాటితే 3.3 వోల్ట్ పట్టాలెక్కి బోర్డంతా ఒకే నెట్ అయిపోతుంది. ఎల్‌వీడీఎస్ జత మధ్య ఉండే 100 ఓమ్‌ను దాటితే పీ, ఎన్ ఒకటైపోతాయి, మనం వెతుకుతున్న తప్పే మాయమైపోతుంది. చివరికి పెట్టిన నియమం: విలువ 50 ఓమ్‌ల లోపు ఉండాలి, ఏ వైపూ పవర్ గానీ గ్రౌండ్ గానీ కాకూడదు, రెండు వైపులా ఒకే జతలోని పిన్‌లు ఉండకూడదు. వీటికి లొంగని ప్రత్యేక కేసులను పట్టికలోనే పేరు పెట్టి రాశాం.

జతల విషయంలో ఇంకో సంగతి. పిన్ ఫైల్‌లో పీ బాల్ మాత్రమే ఇస్తే ఎన్ బాల్‌ను టూల్ తనే తీసుకుంటుంది. చిప్‌లో పీ, ఎన్ స్థానాలు ఖాయం, పిన్ ఫైల్‌లో వాటిని తిప్పలేం. బోర్డు మీద తిరగబడితే కోడ్‌లో బిట్‌ను తిప్పుకోవాలి, అంతే. దానికి కోడ్‌లో ప్రతి లేన్‌కి ఒక బిట్ చొప్పున ఒక మాస్క్ పెట్టాం. బోర్డులో తిరగబడిన జతలు, మాస్క్‌లో 1 ఉన్న లేన్‌లు ఒకటేనా అని స్క్రిప్ట్ చూస్తుంది.

పిన్ ఫైల్‌ను స్క్రిప్టే రాసేస్తే?

ఇది ఆ అమ్మాయి అడిగింది. "సార్, స్క్రిప్ట్‌కి అన్నీ తెలుసు కదా, మనం రాసి అది చూడటం ఎందుకు, అదే రాసేస్తే పోలేదా?"

చాలా మంచి ప్రశ్న, చాలాసేపు మాట్లాడుకున్నాం. చాలా చోట్ల అలా చేస్తారు కూడా. నేను వద్దన్నాను. ఇప్పుడు పిన్ ఫైల్ ఒకరు రాస్తారు, పట్టిక ఇంకొకరు రాస్తారు, ఇద్దరూ ఒకే చోట ఒకే పొరపాటు చేస్తే తప్ప తేడా బయటపడుతుంది. పట్టిక నుంచి పిన్ ఫైల్ పుట్టిస్తే పట్టికలోని తప్పు నేరుగా చిప్‌లోకి దిగుతుంది, పైగా చెక్ పాస్ అని పచ్చ రంగులో చూపిస్తుంది. ఒకే చేతి లెక్కను అదే చేత్తో సరిచూసుకున్నట్టు. పోలికలో రెండు వైపులూ ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవి కాకూడదు, ఈ కేస్‌లో చేత్తో చేసిన చెకింగ్ తప్పిపోయిందీ ఇక్కడే. వందల పిన్‌లున్న కనెక్టర్లు, పదేపదే మారే ప్రోటోటైప్‌లు అయితే నా జవాబు వేరుగా ఉండొచ్చు. ఈ బోర్డుకి చేత్తో రాయడమే సరి.

ఏమేం దొరికాయి

మొదట నడిపినప్పుడు బోలెడు వచ్చాయి. వాటిని తగ్గించడానికి "వీటిని వదిలెయ్" అని ఒక లిస్ట్ పెడదామన్నారు. సరే, కానీ రెండు షరతులు. ప్రతి లైనుకీ కారణం, ఎవరు ఒప్పుకున్నారో పేరు ఉండాలి. స్టార్ గుర్తు పెట్టి గుంపుగా వదిలేయడం కుదరదు. డీడీఆర్3 డేటా లైన్లు ఒక బైట్ లోపల అటూ ఇటూ అయితే పర్వాలేదు, రాసిన చోటే చదువుతాం కాబట్టి మెమరీకి అక్కర్లేదు. దాన్ని "వదిలెయ్" లిస్ట్‌లో కాకుండా "ఈ గుంపు లోపల మారొచ్చు" అని పట్టికలో రాశాం. అడ్రస్ లైన్లకి ఆ వెసులుబాటు లేదు.

ఉత్తుత్తివి పోయాక, ఏడీసీ లేన్‌ల రెండు తప్పులతో పాటు ఎవరూ ఫిర్యాదు చేయనివి కూడా మిగిలాయి.

ఒక బ్యాంక్‌లో పోర్ట్‌లన్నీ 3.3 వోల్ట్ స్టాండర్డ్‌లో ఉన్నాయి. రెవ్ బీలో రెగ్యులేటర్ తీసేసినప్పుడు ఆ బ్యాంక్ పవర్ బాల్స్ 2.5 వోల్ట్ నెట్ మీదికి వెళ్లాయి. వివాడో దీన్ని పట్టుకోలేదు, పట్టుకోవడం దాని వల్ల కాదు కూడా. ఒకే బ్యాంక్‌లో పొసగని స్టాండర్డ్‌లు పెడితే అది అరుస్తుంది, కానీ బోర్డు మీద ఆ బ్యాంక్‌కి నిజంగా ఎన్ని వోల్ట్‌లు ఇచ్చారో దానికెలా తెలుస్తుంది? ఆ పిన్‌లన్నీ అవుట్‌పుట్‌లు. 2.5 వోల్ట్ దాకా వెళ్తే అవతలి చిప్‌లు 1 అని గుర్తించే 2.0 వోల్ట్ గీత దాటుతుంది, కాబట్టి టేబుల్ మీద అన్నీ పని చేశాయి. వేడిలో, పొడుగు కేబుల్‌తో, ఆ మిగులు ఎంత కాలం కాపాడేదో నేను చెప్పను.

రెండోది నాకు అన్నిటికంటే విలువైనది. ఈఈప్రామ్ రైట్-ప్రొటెక్ట్ పిన్‌ను (కొత్త రాతలను అడ్డుకునేది) రెవ్ బీలో ఎఫ్‌పీజీఏకి కలిపారు, 10 కిలో ఓమ్ పుల్-అప్ కూడా పెట్టారు. కోడ్‌లో దానికి పోర్ట్ లేదు, ఎవరికీ తెలియదు కాబట్టి. వాడని పిన్‌లకు వివాడో మామూలుగా లోపలి పుల్-డౌన్ పెడుతుంది. బయటి నుంచి పైకి లాగుతోంది, లోపలి నుంచి కిందికి లాగుతోంది, వోల్టేజ్ మధ్యలో ఎక్కడో నిలబడింది. కాలిబ్రేషన్ విలువలు దాచుకునే చిప్‌కి కాపలా ఉందో లేదో బోర్డు బోర్డుకీ మారే పరిస్థితి. పిన్ ఫైల్ నుంచి మొదలుపెట్టి చేసే ఏ చెక్‌కీ ఇది దొరకదు, పిన్ ఫైల్‌లో ఆ లైనే లేదు కదా. అందుకే స్క్రిప్ట్ రెండు వైపుల నుంచీ నడవాలి: డిజైన్‌లో ఉన్నది బోర్డులో ఉందా, బోర్డులో ఉన్నది డిజైన్‌లో ఉందా. రెండో ప్రశ్నను చాలా మంది రాయరు.

ఇంకొకటి, బిట్ క్లాక్ జత మీద బయట 100 ఓమ్ ఉండగానే లోపలి టర్మినేషన్ (ఎఫ్‌పీజీఏలోనే ఉండే 100 ఓమ్) కూడా ఆన్ చేసి ఉంది. రెండూ కలిసి 50 ఓమ్, సిగ్నల్ ఎత్తు సగం. లోపలిది తీసేశాం.

బోర్డు మీద రుజువు

పట్టిక కూడా మనుషులు రాసిందే, అందుకని స్క్రిప్ట్ పాస్ అయితే సరిపోదని పట్టుబట్టాను. జేట్యాగ్ బౌండరీ స్కాన్ (చిప్ పిన్‌లను బయటి నుంచి నడిపి, చదివి కనెక్షన్లు చూసే ఏర్పాటు) ఎఫ్‌పీజీఏలో ఉంది, 1990 నుంచి ఉన్న ఐఈఈఈ 1149.1 ప్రమాణమే, కానీ ఈ ఏడీసీలో లేదు కాబట్టి ఆ జతలకి పనికిరాదు. బదులుగా ఏడీసీలోనే ఉన్న టెస్ట్ ప్యాటర్న్ వాడాం, 1010 కాకుండా, తిప్పితే వేరేగా కనబడేది. పోలారిటీకి అది చాలు. కానీ ఆ ప్యాటర్న్ అన్ని ఛానెళ్లలోనూ ఒకేసారి వస్తుంది, తారుమారు తెలియదు. దానికి సిగ్నల్‌ను ఒక్కో ఛానెల్‌కే విడిగా ఇచ్చి, మిగతావి నిశ్శబ్దంగా ఉన్నాయా అని చూడటం ప్రొడక్షన్ టెస్ట్‌లో చేర్చారు. పెద్దగా టైమ్ పట్టదు.

సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన మైనస్ ఒకటిని తీయించేశాం. రెవ్ ఏకి, రెవ్ బీకి వేరువేరు బిట్‌స్ట్రీమ్‌లు (ఎఫ్‌పీజీఏలోకి ఎక్కించే ఫైళ్లు), వేరువేరు పిన్ ఫైళ్లు. బోర్డు మీద రివిజన్ రెసిస్టర్లు ఉన్నాయి, కోడ్ వాటిని చదివి, తనది కాని బోర్డు అయితే డేటా ఇవ్వదు.

ఇప్పుడు బిల్డ్‌లో చెక్ ఫెయిలైతే బిట్‌స్ట్రీమ్ తయారవదు. పాసైతే, ఏ నెట్‌లిస్ట్‌తో చెక్ అయిందో దాని హాష్‌లో (ఫైల్ నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్య) మొదటి 32 బిట్లు బిట్‌స్ట్రీమ్‌లోని యూజర్ యాక్సెస్ రిజిస్టర్‌లోకి వెళ్తాయి. ఫీల్డ్ నుంచి పెట్టె తిరిగొస్తే దానిలోంచే ఆ నంబర్ చదివి, అది ఏ నెట్‌లిస్ట్‌తో సరిచూసిన బిట్‌స్ట్రీమో చెప్పొచ్చు. ఎవరి మెయిల్ వెతకక్కర్లేదు.

ఒకటి ఇంకా మిగిలే ఉంది. సెన్సర్ల కార్డు వేరే బోర్డు, కనెక్టర్‌తో దీని మీద కూర్చుంటుంది. కనెక్టర్‌ను కింది వైపు నుంచి చూసి నంబర్లు వేస్తే వరసలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి, ఒక బోర్డు నెట్‌లిస్ట్‌తో అది ఎప్పటికీ తెలియదు. రెండు నెట్‌లిస్ట్‌లను కనెక్టర్ దగ్గర కుట్టే పని ఆ అమ్మాయే చేస్తోంది.

రెవ్ సీకి ముందు చెన్నై ఆయన మా పట్టిక కాపీ ఒకటి అడిగి తీసుకున్నారు. ఎక్కడ మార్చుకోవచ్చో, ఎక్కడ మార్చకూడదో అందులో రాసి ఉంది కాబట్టి ఈసారి ఆయన రెవ్ బీ కంటే ఎక్కువే మార్చారు, ఒక రూటింగ్ లేయర్ మీద రద్దీ బాగా తగ్గింది. ఆయన పంపిన జిప్ మీద స్క్రిప్ట్ నడిపితే ప్రతి మార్పూ లిస్ట్‌లో వచ్చింది. పిన్ ఫైల్, మాస్క్ మార్చుకుని, మళ్లీ నడిపి, ఆ తర్వాతే ఫ్యాబ్‌కి ఆర్డర్ పెట్టారు.